పేజీ అంచున బొటనవేలు

"ఏదీ, నీ బొటనవేళ్ళు చూపించు" అన్నాడు ప్రచురణకర్త.

బైండరు జిగురు చేతులు గబగబా చొక్కాకి తుడుచుకున్నాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

కొత్త నవల ఇంకా షాపులకి చేరనేలేదు. అప్పుడే అందరి ఫోన్లలోనూ ఉచితంగా తిరుగుతోంది. ఎవరో పేజీ పేజీకీ ఫొటో తీసి వదిలారు. ఒక పేజీ అంచున మాత్రం ఆ దొంగ బొటనవేలు కూడా పడింది.

"నాకేం తెలుసు సార్? ఆ ఫైలేదో కంప్యూటర్లోంచి పోయుంటుంది."

"ఫైలా? సొంత అక్క అడిగితేనే ఇవ్వలేదు నేను! పుస్తకాలు కుట్టింది నువ్వు. నీ చెయ్యి దాటకుండా ఎలా పోతుంది? ఇదిగో, దొంగ గోరు మధ్యకి చీలి ఉంది, చూడు."

ఫొటో పెద్దది చెయ్యడానికి ఫోను మీద బొటనవేలూ చూపుడువేలూ ఆనించాడు.

చీలిన గోళ్ళు రెండు పక్కపక్కనే కనిపించాయి, ఒకటి ఫొటోలో, ఒకటి ఫోను మీద. బైండరు మర్యాదగా కిటికీ వైపు చూశాడు.

కంటి ఆపరేషనయ్యాక అక్క, అక్షరాలు పెద్దవి చేసుకుని ఫోన్లో చదువుకుంటానంది. ఫైలిస్తే ఎక్కడ బయటికి పోతుందోనని, తనే కూర్చుని పేజీలన్నీ ఫొటోలు తీసి పంపాడు.

ప్రచురణకర్త అక్కకి ఫోన్ చేశాడు.

"నూరేళ్ళాయుష్షురా తమ్ముడూ, ఇప్పుడే నీ మాటే అనుకుంటున్నాం! నీ పుస్తకం తెలిసినవాళ్ళందరికీ పంపించా. వాళ్ళు వాళ్ళవాళ్ళకి పంపారట. ఇంక నీకు తిరుగులేదురా. ఒక్కరూ కొనక్కర్లేకుండానే ఊరంతా చదివేసింది!"