కారం చేతులు

మిరప కల్లంలో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు. పుట్టింటికి పోతానని ఆమె సంచి సర్దగానే యలమంద దబ్బున పడిపోయాడు.

ఆస్పత్రిలో నర్సు జాస్మిన్ నాడి, బీపీ, షుగరు చూసింది. అన్నీ బాగున్నాయి. మనిషికి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పక్కన భార్య కళ్ళు ధారాపాతం.

మిరపకాయలు ఏరిన అతని చేతిని జాస్మిన్ పైకెత్తి, సరిగ్గా కళ్ళ మీద పడేట్టు వదిలేసింది. స్పృహ లేని ఆ చెయ్యి గాల్లోనే దారి మార్చుకుని దిండు మీద వాలింది.

నవ్వాపుకుంటూ భార్యను బయటికి తీసుకెళ్ళింది. "ఏం కాలేదమ్మా, నటిస్తున్నాడు. నువ్వు ఏడవమాకు."

"తెలుసు సిస్టర్."

"తెలిసీ ఇంత ఏడుపా?"

ఆమె తన ఎర్రటి వేళ్ళు చూపించింది. "ఎంతకీ రాకపోతే వీటితో కళ్ళు నులుముకున్నానండీ. నాకోసం ఆయన అంత కష్టపడి పడిపోతే, నేను ఏడవకపోతే ఏం బాగుంటది?"