హుజూర్‌నగర్ నర్సింగమ్మ

"పప్పు ఉడకకుంటే కోడలిని తిట్టకండి. దుకాణం ఆయననూ తిట్టకండి. తప్పు బోరు నీళ్లది. చేదబావి నీళ్లు పోసి చూడండి. – నర్సింగమ్మ, హుజూర్‌నగర్."

వారపత్రికలో ఆ నాలుగు ముక్కలు చదివి లింగస్వామి తొడ కొట్టినంత పని చేశాడు. తెలివంటే గిట్లుండాలె అంటూ, హోటల్లో చాయ్ తాగుతున్న వాళ్లందరికీ ఇంకోసారి చదివి వినిపించాడు.

పొయ్యి దగ్గర మిర్చీలు వేస్తున్న బిక్షమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇదే ముక్క ఆమె మొగుడు లింగస్వామికి ఆరు నెలల నుంచి మొత్తుకుంటోంది. వండరాక నీళ్ల మీదికి నెడుతున్నావని కొట్టిపారేశాడు. ఇప్పుడు నర్సింగమ్మ చెప్పిందో లేదో, మర్నాడు పొద్దున్నే బిందె భుజాన పెట్టుకొని ఊరబావికి పోయాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆ మహానుభావుడు బిందె ముట్టుకోవడం అదే మొదలు.

పప్పు వెన్నలా ఉడికింది. పేరు నర్సింగమ్మకు పోయింది.

కేతేపల్లి రోడ్డు మీద వాళ్ల హోటల్. వారం వారం వచ్చే ఆ పత్రికలో ఆడవాళ్ల కోసం ఒక పేజీ ఉంటుంది. ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్లు తమ తిప్పలు రాస్తారు, తెలిసినవాళ్లు ఉపాయం చెబుతారు. చక్కెర డబ్బాలో నాలుగు లవంగాలు వేస్తే చీమలు రావని రెండేళ్ల కింద బిక్షమ్మ కూడా రాసింది. పేరుతో సహా అచ్చయింది. ఆ రోజు లింగస్వామి రేకులు ఎగిరిపోయేలా అరిచాడు. పెండ్లాం పేరు పదిమంది నోళ్లలో నానితే ఇజ్జత్ ఏం కావాలని అడిగాడు. మళ్లీ ఆమె పేరు ఆ పేజీలో రాలేదు.

ఇప్పుడు ఆ పేజీకి నర్సింగమ్మే మహారాణి. నూనె పొంగితే చింతపండు ముక్క వెయ్యమంటుంది. పాలు అడుగంటకుండా ముందు గిన్నె తడపమంటుంది. మా అత్త పడుకునేముందు అన్నం కుండ మూత తీసి చూస్తుంది, నా మీద అనుమానమా అని పాలమూరు కోడలొకామె అడిగింది. అనుమానం కాదు పిల్లా, నీకు మిగిలిందో లేదో చూస్తోంది, రేపు ఆమె ముందర కూర్చొని తిను అని నర్సింగమ్మ రాసింది.

అది చదివి లింగస్వామి కళ్లు తుడుచుకున్నాడు. బిక్షమ్మ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. పెళ్లాం కళ్లలో నీళ్లు కనబడితే పొగ అనుకునే మనిషి, ఎవరో కోడలి కోసం ఏడుస్తున్నాడు.

"గవన్ని నాకు తెలిసినయే. నేను చెప్పినయే," అంది.

"ఓర్వలేక సస్తున్నవ్," అని నవ్వాడు. చాయ్ తాగేవాళ్లూ నవ్వారు.

నర్సింగమ్మ ఎలా ఉంటుందో కూడా అతనే చెప్పేవాడు. నెమ్మదిగా మాట్లాడుతుందట. తెల్లచీర కట్టుకుంటుందట. బిక్షమ్మ తన నూనె మరకల కొంగు చూసుకొని, నడుములో గట్టిగా దోపుకుంది. లోకంలో ఏ ఆడదాని మీదా ఆమెకు అంత మంట లేదు.

ఒకనాడు లింగస్వామి ఇన్‌లాండ్ లెటర్ తెచ్చి నర్సింగమ్మకు ఉత్తరం రాశాడు. పత్రిక ఆఫీసుకు పంపితే వాళ్లే ఆమెకు అందిస్తారట. రాసింది పెళ్లానికే చదివి వినిపించాడు. మా హోటల్ పొయ్యి మీకు అప్పజెబుతాను, తిండి, బట్ట, ఉండటానికి జాగా నా పూచీ, వచ్చే నెల మొదటి గురువారం సూర్యాపేట దిక్కు నుంచి వచ్చే పగటి బస్సు దిగండి, నేను స్టాపు దగ్గరే ఉంటాను.

"మరి నేను?" అంది బిక్షమ్మ.

"గిన్నెలు తోము. గామె కాడ జర పని నేర్చుకో."

ఆ పొయ్యికి మట్టి తెచ్చింది ఆమె. కట్టింది ఆమె. పన్నెండేళ్లు దాని సెగకు మాడింది ఆమె. ఆ గురువారానికి మూడు రోజుల ముందు సంచి సర్దుకొని, హుజూర్‌నగర్‌లో ఉన్న చెల్లెలు బాలనర్సమ్మ ఇంటికి బయలుదేరింది.

పొమ్మన్నాడు. పోయినదానివి నర్సింగమ్మ ఇల్లు కనుక్కొని, బస్సు తప్పిపోవద్దని చెప్పమన్నాడు కూడా.

గురువారం పగటి బస్సులో బిక్షమ్మ తిరిగి వస్తోంది. కేతేపల్లి రాగానే కిటికీలోంచి తొంగి చూసింది. లింగస్వామి గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని స్టాపులో నిలబడ్డాడు. వెనక హోటల్ ముందర చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. పొయ్యి పక్కన కొత్త పీట. ఆమెను చేసుకున్న రోజు కూడా ఆ మనిషి ఇంత నున్నగా గీసుకోలేదు. ఆ పీటను పొయ్యిలో పెట్టి కాల్చాలన్నంత కోపం వచ్చింది.

దిగుతున్న ఒక్కో ఆడమనిషిని అతను ఎగాదిగా చూస్తున్నాడు. అందరూ దిగాక బిక్షమ్మ దిగింది. లింగస్వామి ఆమెను దాటి బస్సులోకి చూశాడు.

"నువ్వే వచ్చినవా? నర్సింగమ్మ ఎక్కలేదా?"

బిక్షమ్మ సంచి కింద పెట్టింది. నడుములో దోపుకున్న ఇన్‌లాండ్ లెటర్ తీసి, రాసినాయన చేతిలోనే పెట్టింది.

"పేపర్ల నా పేరొస్తే నీ ఇజ్జత్ పోతదంటివి గదా, గందుకే చెల్లె అడ్రసు పెట్టి రెండేండ్ల సంది నర్సింగమ్మ అని రాస్తున్న."