ఎర్ర మాత్రలు

ప్రతి నెలా మొదటి మంగళవారం ఏఎన్ఎం నర్సు పుష్పావతి స్కూటీ ఆ వీధిలోకి వస్తుంది. కోడళ్లున్న ఇళ్ల ముందు ఆగుతుంది.

"ఏమ్మే సుష్మా, నెల తప్పినావా?"

"మా ఆయన బెంగుళూరు పోయి రెండు నెల్లాయె. ఫోన్లో తప్పుతాదా అక్కా?"

వీధంతా నవ్వింది. పక్కింటి గడపలో నిలబడి మల్లీశ్వరి కూడా నవ్వింది.

పుష్పావతి వచ్చి ఆమె అరుగు మీద కూర్చుంది. మంచినీళ్లడిగి తాగింది. "బాగుండావా మల్లీ?" అంటూ రక్తం పట్టే ఎర్ర మాత్రల పొట్లం చేతిలో పెట్టింది.

లోపల్నుంచి అత్త బయమ్మ మాట అందుకుంది. "మాత్రలు మింగితే కడుపు పండుతాదా? ఈ శెనక్కాయ పీకేది అయిపోనీ. నా కొడుకు వీరేష్‌కు ఆ కుందుర్పి ఊరి పిల్లను చేసుకుంటాం. ఇది ఉంటే ఉంటాది, పోతే పోతాది."

మల్లీశ్వరి కొంగుతో కళ్లొత్తుకుంది. "బళ్లారికి పోయి చూపించుకుందామనుకుంటాండా అక్కా."

"ఆస్పత్రుల చుట్టూ తిరిగితే ఉన్న ఆరోగ్యం పోతాది. దేవుడు ఇచ్చినప్పుడు ఇస్తాడు లే," అంది పుష్పావతి.

పుష్పక్క మాట మల్లీశ్వరి ఎన్నడూ దాటలేదు. నాలుగేళ్ల కిందట, పెళ్లైన కొత్తలో, కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే టౌను ఆస్పత్రికి తీసుకుపోయింది ఆమే. ఆ రోజు అక్కడేదో క్యాంపు, నర్సులంతా తలా ఎంతమందిని తెచ్చినారో లెక్క రాయిస్తున్నారు. వరండా నిండా మంచాలు, మంచానికిద్దరు ఆడవాళ్లు. అపెండిక్స్ తీసేసినారని చెప్పి, కుట్లు విప్పేదాకా పక్కనే ఉన్నదీ ఆమే.

అయినా కుందుర్పి పిల్ల మాట నిద్రపోనివ్వలేదు. మల్లీశ్వరి ఎవరికీ చెప్పకుండా బళ్లారి బస్సెక్కింది.

అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, రిపోర్టు రెండుసార్లు చదివింది.

"పిల్లలెంతమందమ్మా?"

"ఒక్కరూ లేరు మేడం. అందుకే వచ్చినా."

"మరి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నావు?"

తిరుగు బస్సులో దారి పొడుగునా ఒకటే తలపు. ముందు పుష్పక్కకు చెప్పాలి. ఆమె ఊరుకోదు. అత్తకూ, వీరేష్‌కూ ఆమే నచ్చజెబుతుంది.

మంగళవారం వచ్చింది. స్కూటీ సుష్మ ఇంటి ముందు ఆగింది.

"ఈ నెలన్నా తప్పినావా లేదా?"

"ఆయన పండక్కి వచ్చి పోయినాడు లేక్కా. వచ్చే నెల చెప్తా!"

మల్లీశ్వరి నవ్వలేదు. అరుగు మీదికొచ్చిన పుష్పావతి చేతిలో రిపోర్టు పెట్టింది.

పుష్పావతి చదివి గుండెలు బాదుకుంది. "అయ్యో నా తల్లీ! ఎవరి పేరుకో నిన్ను పండబెట్టినట్టుండారే! వాళ్ల చేతులిరగ! నాకు తెలిసింటే ఊరుకుందునా? పా, కలెక్టరు దగ్గరికే పోదాం. అర్జీ నేనే రాస్తా."

ఆ భుజం మీద వాలి ఏడవాలనే మల్లీశ్వరి వారం రోజులుగా కాచుకుని ఉంది. వాలలేదు. సుష్మ గడప వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"వీధిలో అందర్నీ నెల నెలా అడుగుతావు కదక్కా, ఈ నాలుగేండ్లలో 'నెల తప్పినావా' అని నన్నొక్కసారి కూడా ఎందుకడగలేదు?"