అటక మీది తాండ్ర డబ్బా

అత్తగారి మామిడి తాండ్ర డబ్బాను దొంగిలించాలని పంకజాక్షి పొద్దున పళ్ళు తోముకుంటూనే నిర్ణయించేసుకుంది.

"ఇది చెల్లెలి సీమంతానికి. చెయ్యి పెట్టొద్దని అమ్మ గట్టిగా చెప్పిండాది" అంటూ భర్త ధనంజయ నిన్ననే దాన్ని అటకెక్కించాడు. ఆ వెంటనే ఇంట్లో ఉన్న ఒక్క స్టూలునూ ఇంటి ఓనరమ్మకు ఇచ్చేశాడు. తాండ్ర వాసన మాత్రం రాత్రంతా కిందికి దిగి, కొత్త పెళ్ళికూతురిని పేరుపెట్టి పిలుస్తూనే ఉంది.

అతను కాలేజీకి వెళ్ళగానే ఇల్లంతా వెతికింది. ఎక్కడానికి ఒకటే కనిపించింది, అతని గొట్టం.

ఫైబర్‌గ్లాస్ అనే గాజునార గుడ్డకు జిగురు పట్టించి చుట్టిన మోకాలెత్తు గొట్టం అది. పైన చెక్క మూత, లోపల నిలువునా సన్నటి పట్టీలు. రాకెట్ల ఒళ్ళు ఇలాగే ఉంటుందట. ఆ పట్టీల బలంతో ఎంత బరువు దాకా నలగకుండా నిలుస్తుందో లెక్కగట్టడమే ధనంజయ పరిశోధన. "నా డాక్టరేటంతా దీంట్లోనే ఉండాది పంకజా" అని దాన్ని పసిబిడ్డలా నిమిరేవాడు. కాలేజీలో సున్నం కొడుతున్నారని నిన్ననే ఇంటికి తెచ్చి అటక కింద పెట్టాడు. ఎండబెడతానని తీసిన పరుపును కూడా దాని పక్కనే పరిచి మరిచిపోయాడు. మతిమరుపు మనిషి!

తనెంత బరువుందని? పోయిన వారం తిరుపతి స్టేషన్లో రంగు లైట్ల మిషనెక్కిస్తే, టికెట్టు మీద నలభై ఆరు కిలోలని వచ్చింది. దాన్ని ధనంజయ చొక్కా జేబులో, గుండె దగ్గర దాచుకున్నాడు. ఆ మురిపెం తలుచుకుంటే ఆమె చెవులు ఇప్పటికీ ఎర్రబడతాయి.

ఎక్కింది. గొట్టం కిక్కురుమనలేదు. డబ్బాను అటక మీంచి చేతుల్లోకి తీసుకుంది.

ఫట్!

డబ్బాతో సహా పరుపు మీద పడింది. గొట్టం నడుం చుట్టూ పేకముక్కల మీది డైమండు గుర్తుల్లాంటి సొట్టలు. మొగుడి డాక్టరేటు అప్పడమైపోయింది! భయం భయంగా ఒక ముక్క తింది. ఇంకా భయం వేసి ఇంకోటి తింది.

సాయంత్రం ధనంజయ గొట్టాన్ని చూసి చతికిలబడ్డాడు. "ఎవురు చేసినారు?"

"పిల్లి దూకినట్టుండాదండీ."

"నా లెక్క ప్రకారం యాభై ఆరు కిలోలు పడితే గాని ఇది నలగదు. అంత పిల్లి తిరపతిలో యాడుండాది?"

పంకజాక్షికి ప్రాణం లేచొచ్చింది. "అయితే నేను కాదు! నేను నలభై ఆరే గదా!"

"ఎక్కినప్పుడు నలగలేదా?"

"ఊహూఁ, డబ్బా చేతికొచ్చినాకనే..." అని, చటుక్కున నోరు మూసుకుంది. మరుక్షణం ఘొల్లుమంది. "మీ డాక్టరేటు నేనే తొక్కేసినానండీ!"

ధనంజయ జేబులోంచి స్టేషన్ టికెట్టు తీసి ముద్దుపెట్టుకున్నాడు.

"నువ్వు నలభై ఆరు, నేను తూచి పెట్టిన డబ్బా పది. లెక్క ఇసుమంతైనా తప్పలేదు! కాలేజీలో బరువు మోపే మిషను చెడిపోయి నెలయింది పంకజా. అమ్మ ఆ తాండ్ర పంపింది నీకే గాని... పరుపు నేను సరైన చోటే పరిచినానా, నడుం గిడుం పట్టలేదు గదా?"