మట్టి తెచ్చినవాడు

"ముక్కు తప్పు, దొరా."

మట్టి బస్తా దించి నడుం పట్టుకున్న బండివాడు అన్న మాట అది.

రాతికి ముందు మట్టిలో చేస్తున్న తల మీద సెప్టిమస్ హేల్ చెయ్యి ఆగింది.

లండన్‌లో ముప్ఫై ఏళ్ళుగా ముఖాలు చెక్కుతున్నాడాయన. తండ్రి యార్క్‌షైర్‌లో సమాధి పలకలు చెక్కేవాడు. ఉలి పట్టడం అక్కడే నేర్చాడు. ఇరవయ్యో ఏట రాజధానికి వచ్చి, పదేళ్ళు ఇంకొకరి విగ్రహాలకి నునుపు పెట్టి, చివరికి తన పేరు చెక్కుకునే స్థాయికి చేరాడు. మేయర్లు, బిషప్పులు, సైన్యాధిపతులు ఆయన ఎదుట కదలకుండా కూర్చున్నారు. ఇప్పుడు హేల్ చేత పాలరాతిలో తల చేయించుకోవడం పెద్దింటి మర్యాద.

కిందటి అక్టోబరులో భార్య క్లారా పోయింది. పాతిపెట్టిన మర్నాడు ఆయన ఎప్పటిలాగే ఎనిమిదింటికి పనిలోకి వచ్చాడు.

అప్పటినుంచి ముఖాలంటే కొలతలే. నుదురు ఇంత. చుబుకం ఇంత.

"మట్టి మోసేవాడివి, మోసి వెళ్ళు. ముక్కుతో నీకేం పని?"

"మోసిన మట్టి ఏమవుతోందో చూడకూడదా దొరా? అది గార్‌సైడ్ కదా?"

గార్‌సైడే. వంతెనలు కట్టిన ఇంజనీరు. ఐర్లండ్ వెళ్తుంటే ఓడ మునిగింది. శవం దొరకలేదు. ఉన్నది ఒకే ఒక్క ఫొటో, నలభై మంది పనివాళ్ళ మధ్య గోరంత ముఖం. భార్య ఇసబెల్ రెండుసార్లు వచ్చి చూసింది. రెండుసార్లూ "ఈయన కాదండీ" అని వెళ్ళిపోయింది.

"నువ్వు చూశావా ఆయన్ని?"

"ఒకప్పుడు ఎరుగుదును."

వంతెన దగ్గర రాళ్ళు మోసినవాడేమో అనుకున్నాడు హేల్. ఛాతీ దాకా గడ్డం, కళ్ళ మీదికి టోపీ, ఒంటినిండా దుమ్ము. అంతకు మించి చూడలేదు.

"అయితే చెప్పు. ఎక్కడ తప్పు?"

"ముక్కు దూలం ఇంకాస్త ఎత్తుండాలి. ఆ పెదవి చూడండి, రెండు పక్కలా ఒకేసారి నవ్వుతోంది. వాడు కుడిపక్క ముందు నవ్వుతాడు. ఎడమపక్క ఆలోచించుకుని వస్తుంది."

హేల్ పెదవి దిద్దాడు.

"ఆఁ, ఇప్పుడు కాస్త దారికొచ్చాడు," అన్నాడు బండివాడు.

పేరు ఏమస్. ఆ తర్వాత మూడు నెలలు, బండి ఖాళీ అయినప్పుడల్లా వచ్చేవాడు. పెట్టె మీద కూర్చుని హేల్ ఇచ్చిన టీ తాగుతూ, చెవి ఇంకాస్త కిందికి ఉండాలనేవాడు, కనుబొమ పలచన కావాలనేవాడు.

"వాడు, వీడు అంటావేమిటి? పెద్దమనిషి ఆయన."

"పోయినవాళ్ళు ఏమీ అనుకోరు లెండి."

ఒకరోజు అడిగాడు. "ఒక్కసారి ముట్టుకోనా దొరా?"

"చేతులు కడుక్కో."

రెండుసార్లు కడుక్కున్నాడు. అరచెయ్యి మట్టి తల మీద పెట్టి, తడిసిన జుట్టు తుడుస్తున్నట్టు మెల్లగా నిమిరాడు.

"ఎంత చల్లగా ఉన్నాడో."

"మట్టి అంతే," అన్నాడు హేల్.

ఇసబెల్ మూడోసారి వచ్చింది. బొమ్మ ముందు కూర్చుంది.

"ఎలా పట్టుకున్నారు హేల్ గారూ? ఈ నవ్వు నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. ఆయనకి తనవాళ్ళంటూ ఒక్కరూ లేరు. మా పెళ్ళినాడు చర్చిలో ఆయన వైపు బల్లలన్నీ ఖాళీ."

"అనుభవం, మేడమ్," అన్నాడు హేల్.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, ఇంజనీర్ల సభామందిరంలో పాలరాతి విగ్రహం ఆవిష్కరణ. మెట్ల మీద ప్రభువులు, వాళ్ళ భార్యలు.

ఏమస్ వచ్చాడు. ఎవరిదో నల్లకోటు తొడుక్కున్నాడు. దాని చేతులు పొట్టిగా ఉన్నాయి.

కాపలావాడు అడ్డం పడి హేల్ వైపు చూశాడు. "మీ మనిషా సార్?"

అందరూ తిరిగి చూశారు.

"కాదు. మట్టి తెస్తాడు," అన్నాడు హేల్. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకోరోజు చూపిస్తాలే, వెళ్ళు," అన్నాడు.

"రాతిలో ఎలా ఉన్నాడో చూద్దామని. పర్లేదు దొరా."

టోపీ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. లోపల చప్పట్లు మోగాయి. హేల్‌కి ఏమీ అనిపించలేదు. సన్మానానికి తల వంచాడు, అంతే.

ఆ ఇంకోరోజు రాలేదు. ఏమస్ అడగలేదు. హేల్‌కి గుర్తు లేదు.

నవంబరులో మట్టి ఇంకొకడు తెచ్చాడు.

"ఏమస్ ఏడి?"

"జ్వరమండీ. రేవు పక్క ధర్మాసుపత్రిలో వేశారు. మిమ్మల్నే కలవరిస్తున్నాడు. దొర చూపిస్తానన్నాడు, దొర చూపిస్తానన్నాడు, అని. ఏం చూపిస్తానన్నారు సార్?"

హేల్ పనిలోకి తిరిగాడు. చేతిలో ఒక బిషప్పు తల ఉంది. అది ముగించి నాలుగో రోజు వెళ్ళాడు.

నర్సు పుస్తకం చూసింది.

"పొద్దున్నే పోయాడండీ. మీరేమవుతారు?"

"ఏమీ కాను."

"ఎవరో ఒకరు వస్తే బావుండుననుకున్నాం. చూస్తారా? జ్వరం వార్డు కదా, నిన్న జుట్టూ గడ్డం తీసేశాం. గుర్తుపట్టగలరో లేదో."

దుప్పటి తొలగించింది.

హేల్ గుర్తుపట్టాడు: మంచం మీద ఉన్నది గార్‌సైడ్ ముఖం, ఒకే తల్లి కడుపున ఆయనతో కలిసి పుట్టిన కవల సోదరుడిది.