సగంలో ఆపిన గూడు

బావి మీదికి వంగిన ఈతచెట్టుకు పసుపయ్య అనే గిజిగాడు గూళ్ళు అల్లేవాడు. ముందు అంతా పూర్తిచేసి, నునుపు చేసి, అప్పుడు ఆడపిట్టల్ని పిలిచేవాడు. అవి వచ్చి చూసి, పలక్కుండా ఎగిరిపోయేవి. వానలు ముదురుతున్నాయి. ఇంకో గూడు కూడా ఆడపిట్టలకు నచ్చకపోతే ఆ ఏటికి పసుపయ్యకు పిల్లాజెల్లా లేనట్టే.

పక్క కొమ్మ మీది ముసలి గిజిగాడు ఊరుకోలేకపోయాడు. "ఒరే అబ్బాయ్, లోపల ఉండేది ఆడపిట్ట. సగంలో ఆపి, పిలిచి ఎలా ఉందో అడుగు."

"సగం గూడు చూపిస్తే నవ్వదా తాతా?"

"నవ్వితే నవ్వనీరా, వచ్చి చూస్తుందిగా!"

పసుపయ్య సిగ్గుపడుతూనే పిలిచాడు. చుక్కమ్మ అనే ఆడపిట్ట వచ్చి, ముక్కుతో పోచలు పట్టి లాగింది.

"ఇదేం గూడయ్యా, ఉయ్యాలా? గాలికి నా గుడ్లు దొర్లి బావిలో పడవూ? ఇదిగో, ఇక్కడ అడ్డంగా గట్టు కట్టు."

పసుపయ్యకు మనసు చివుక్కుమంది. అయినా గూడింకా తెరిచే ఉంది కదా, పొద్దు వాలేలోగా గట్టు కట్టేశాడు. చుక్కమ్మ అందులో కూర్చుని చూసి, "ఇప్పుడు మిగతాది అల్లు," అంది.

గుడ్లు పెట్టాక పెద్ద గాలివాన వచ్చింది. చెట్టంతా ఊగిపోయింది. వాన తెరిపిచ్చాక పసుపయ్య లోపలికి తొంగిచూశాడు. గుడ్లన్నీ గట్టు చాటున వెచ్చగా ఉన్నాయి.

"నీ మేలు మర్చిపోను చుక్కమ్మా," అన్నాడు. "నువ్వు ఆ మాట అనకపోతే ఏమైపోయేవాళ్ళం!"

"అంతా అల్లేశాక పిలిస్తే అనేదాన్నా?" అంది చుక్కమ్మ. "నీ కష్టం చూసి నోరు రాక, ఎగిరిపోయేదాన్ని."