దూలానికి వేలాడే మగ్గు

నాలుగు వందల ఏళ్ళ ఆ ఇంగ్లీషు పబ్బులో ఒక ఆచారం ఉంది. రోజూ వచ్చేవాళ్ళు తమ పేరు రాసిన బీరు మగ్గును దూలానికి తగిలిస్తారు. పాత పబ్బుల్లో ఏదీ మారకుండా చూసే పని యంత్రాల చేతికి వెళ్ళాక, మగ్గు తగిలించిన మనిషి కూడా గోడల్లాగే పబ్బులో భాగమని, బయటికి పోకూడదని చట్టం వచ్చింది.

కౌంటర్లో పనిచేసే హైమకు అది ఆఖరి రోజు. పదకొండేళ్ళ కిందట సరదాకి మగ్గు తగిలించి, ఇక గుమ్మం దాటలేకపోయిన డాక్టర్ వరహాలరావు దగ్గరికి వచ్చింది.

"వెళ్ళొస్తానండీ, డాక్టరు గారూ."

"మంచిదమ్మా. బయట చలి, లోపలికెళ్ళి కోటు తెచ్చుకో."

కోటు వేసుకుని వచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు.

"మీ మగ్గు దూలానికి ఉంది. మీరు బయటికి వెళ్ళడానికి వీల్లేదు," అంది తలుపు మర్యాదగా.

హైమ తలెత్తి చూసింది. డాక్టరు మగ్గు పక్కన కొత్త మగ్గు, దాని మీద తెలుగులో తన పేరు. అదింకా ఊగుతోంది.

"మీరేనా?"

ముసలాయన పక్క కుర్చీని రుమాలుతో తుడిచాడు.

"నువ్వెళ్ళిపోతే నేను తెలుగు ఎవరితో మాట్లాడనమ్మా?"